ఏఐ కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ 75కు పేరు పెట్టించండి

సీఎస్‌ఈలో ఏఐ బ్రాంచి, పైన అమీర్‌పేటలో మూడు నెలల కోచింగ్. ఈ రెండూ ఉంటే ఉద్యోగం ఖాయమని వరంగల్‌లో చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. మేనేజ్‌మెంట్ కోటా సీటు కోసం పొలం తాకట్టు పెట్టేవాళ్లున్నారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన డబ్బు అటు నుంచి అటే ఇన్‌స్టిట్యూట్ కౌంటర్‌కు చేరుతోంది. పైగా కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ (రసీదు ఇస్తే).

నేను పిల్లల్ని సర్టిఫికెట్లు అడగను. తాము రాసిన ప్రోగ్రాం ఒకటి తెరవమంటాను. చాలామంది తెరిచేది విద్యార్థుల హాజరు ప్రాజెక్టే. హాజరు 75 కన్నా తగ్గితే హాల్‌టికెట్ రాదు అని ఒక లైను. ఇంకోచోట 75 కన్నా తగ్గితే స్కాలర్‌షిప్ రాదు అని మరో లైను. రెండుచోట్లా ఉత్త 75. ‘రేపు కాలేజీ హాల్‌టికెట్‌కు 65 చాలంటే ఏం చేస్తావు?’ అంటే, ‘ఫైండ్ అండ్ రీప్లేస్ కొడతాను సార్’ అంటారు. కొడితే స్కాలర్‌షిప్ నిబంధన కూడా 65 అయి కూర్చుంటుంది.

ప్రోగ్రాం పైభాగంలో హాల్‌టికెట్_కనీస_హాజరు = 75, స్కాలర్‌షిప్_కనీస_హాజరు = 75 అని విడివిడిగా రాస్తే ఈ గొడవే లేదు. అంకె ఒకటే అయినా నిబంధనలు రెండు కాబట్టి పేర్లూ రెండు. కొందరు తెలివిగా డెబ్బైఅయిదు = 75 అని పెడతారు. అది పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

ఇది పాఠ్యపుస్తకం చాదస్తం అనుకోవద్దు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. జిల్లా పేరును పది ఫైళ్లలో నేరుగా రాసుకున్నవాడి తిప్పలు ఊహించుకోండి. 2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. రేటుకు పేరు పెట్టుకున్న బిల్లింగ్ ప్రోగ్రాంలో అది ఒక్క లైను పని.

పేరు పెడితే ప్రోగ్రాం నెమ్మదిస్తుందని పిల్లలకో అపోహ. సీలో డిఫైన్‌తో పెట్టిన పేరు కంపైల్ మొదలయ్యే ముందే అంకెగా మారిపోతుంది. జావాలో స్టాటిక్ ఫైనల్‌గా రాసిన అంకెను కంపైలర్ వాడినచోటల్లా నేరుగా దించేస్తుంది. అందుకే ఆ విలువ మార్చి, దాన్ని వాడే ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయకపోతే పాత అంకే పలుకుతుంది. ఇంటర్వ్యూలో ఇంతమాత్రం వివరించగలిగిన కుర్రాడి మాట ఎవరైనా ఆగి వింటారు. ఇక పైథాన్‌లో అయితే విలువ మారకుండా ఆపే తాళమే లేదు, పెద్దక్షరాల్లో రాసిన పేరును ముట్టుకోకపోవడం మర్యాద, అంతే.

కంప్యూటర్ చదువుకు మేనేజ్‌మెంట్ సీటొక్కటే దారి కాదు. ఇంటర్ ఎంపీసీతో ఈఏపీసెట్, టెన్త్‌తో పాలీసెట్, డిప్లొమా తర్వాత ఈసెట్, గణితం ఉన్న డిగ్రీతో నిమ్‌సెట్ రాయొచ్చు. నా ఓటు చివరి రెండు దారులకే. పాలిటెక్నిక్ పిల్లలకు ల్యాబ్ అలవాటు ముందే పడుతుంది. మామూలు డిగ్రీ చదివినా నిమ్‌సెట్‌లో ర్యాంకు వస్తే మన నిట్‌లోనే ఎంసీఏ చేయొచ్చు. పొలం జోలికి పోనక్కర్లేదు.

లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామనేవాళ్ల గడప తొక్కకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగమూ పోతుంది, డబ్బూ పోతుంది. ఇక మేనమామ కొడుకు డాలస్‌లో ఉన్నాడన్న మాట అన్నం దగ్గర ఎత్తడం మానేయండి. మీ పిల్లాడు దాన్ని ఇప్పటికే వందసార్లు విన్నాడు.

కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు మొదటి ఏడాది ల్యాబ్ రికార్డు తెమ్మనండి. సున్నా, ఒకటి వదిలేసి, మిగతా అంకెల చుట్టూ పెన్సిల్‌తో గీయించండి. మీకు సీ భాష రానక్కర్లేదు, ‘ఈ అంకె ఏంటి నాన్నా?’ అని అడిగితే చాలు. చెప్పగలిగితే పేరు పెట్టమనండి. నీళ్లు నమిలితే మాత్రం ఆ ప్రోగ్రాం పక్క బెంచీ వాడిది.