పులిహోరలో గోధుమ

సీలియాక్ జబ్బు ఉందని తేలి, గ్లూటెన్ పూర్తిగా మానేయమని డాక్టర్ చెప్పినప్పుడు మన ఇళ్లలో చాలామంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. "ఓస్, అంతేనా? మనం తినేది అన్నమే కదా!" అంటారు. చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్లు, బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా పాయసం పక్కన పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. కొన్ని నెలలు పోయాక చూస్తే నీరసం తగ్గదు, కడుపు ఉబ్బరం తగ్గదు, రక్తపరీక్షలో యాంటీబాడీలూ దిగిరావు. "గోధుమ ముట్టుకుంటే ఒట్టు" అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే పులిహోర తిన్నారు.

పులిహోరలో ఏముంటాయి? అన్నం, చింతపండు, పసుపు, పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, మిరపకాయలు, కరివేపాకు, ఇంగువ. ఇందులో గోధుమ ఎక్కడిది? ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి, సన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. దాని ఘాటు భరించలేం కాబట్టి పిండి, తుమ్మజిగురు కలిపి అమ్ముతారు. ఆ కలిపే పిండి చాలా డబ్బాల్లో మైదా లేదా గోధుమపిండి, కొన్నిటిలో మాత్రమే బియ్యప్పిండి. ఆ ఇంగువే సాంబారులోకి, చారులోకి, పప్పు పోపులోకి, మాగాయలోకి వెళుతుంది. కొన్న సాంబారు పొడిలో ఉంటుంది, చాట్ మసాలాలో ఉంటుంది. ఒక్క చిటికెడుతో మునిగిపోయేదేం లేదనిపిస్తుంది. కానీ అది పూటపూటా పడే చిటికెడు.

ఎంత పడితే ఎక్కువ అన్నదానికి లెక్క ఉంది. సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ హాని చేయకపోవచ్చని నిపుణులు భావిస్తారు. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు 2 గ్రాములు, అంటే 2000 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ ముక్కను 200 భాగాలు చేస్తే ఒక భాగం దగ్గరే హద్దు వచ్చేస్తుందన్నమాట. అందుకే మన దేశంలో ఏదైనా ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. అమెరికాలోనూ 2013లో ఇదే కొలత తెచ్చారు.

సీలియాక్ అలర్జీ లాంటిది కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ తగిలినప్పుడు ఒంటి రక్షణ వ్యవస్థే పొరపడి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకోవలసిన సన్నటి వేళ్లలాంటి మొనలు అరిగి చదునవుతాయి. ఎంత తిన్నా ఒంటపట్టదు. కొందరికి విరేచనాలు, కొందరికి ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా లొంగని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం. మరికొందరికి బయటికి ఏమీ కనిపించదు, లోపల మాత్రం పేగు దెబ్బతింటూనే ఉంటుంది. కాబట్టి "నిన్న కొంచెం తిన్నాను, ఏమీ కాలేదు" అన్న ధీమాకు విలువ లేదు.

ఈ జబ్బుకు గోధుమే కారణమని కనిపెట్టినది విల్లెం కారెల్ డికె అనే డచ్ పిల్లల డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌ను కరువు చుట్టుముట్టింది. రొట్టె దొరకడం గగనమైంది. అందరూ చిక్కి శల్యమవుతున్న ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. అంతకుముందే గోధుమ మీద ఆయనకు అనుమానం ఉంది. ఆ అనుమానాన్ని వదలకుండా వెంటపడి 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు. పిల్లలు ఏం తింటున్నారో పట్టి పట్టి చూడటం వల్ల తేలిన నిజమిది.

మన దగ్గర మాత్రం ఆ పట్టి పట్టి చూడటానికీ, అడగటానికీ ఒకటి అడ్డుపడుతుంది. మొహమాటం. గ్లూటెన్ దాక్కునే చోట్ల జాబితా ఎవరికైనా ఒక పూటలో దొరుకుతుంది. దాన్ని చేతిలో పెట్టుకుని కూడా ఏళ్ల తరబడి ఇబ్బంది పడే మనుషులున్నారు. వాళ్లకు తెలియనిదేమీ లేదు. వడ్డించే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేకపోతున్నారు, అంతే. ఈ ఆహార నియమం పట్టుదల కంటే ఎక్కువగా నోరు విప్పి అడిగే గుణాన్ని కోరుతుందని నా గట్టి నమ్మకం.

దక్షిణాదిలో ఇది మరీ కష్టం. దేశంలో వేర్వేరు ప్రాంతాల పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా సీలియాక్ కనిపిస్తే, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి మాత్రమే కనిపించింది. పంజాబులో ఎవరో ఒక బంధువుకు ఉండే జబ్బు, గుంటూరులోనో వరంగల్‌లోనో వీధి మొత్తానికి కొత్త. కొత్త కాబట్టి నమ్మరు. "గోధుమలు పడకపోవడమేంటి, షుగర్ వాళ్లకు డాక్టర్లే చపాతీ తినమంటుంటే!" అని పెద్దాయన ఎవరో అంటారు. అందరూ నవ్వుతారు. అక్కడితో అడిగేవాడి నోరు మూతపడుతుంది.

ముందు ఇంటి సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు పోరు అక్కడే. మొదట వెతకవలసినది పిండి జల్లెడ. మధ్యాహ్నం గోధుమపిండి జల్లించిన జల్లెడను దులిపి మేకుకు తగిలిస్తాం. సాయంత్రం జంతికల కోసం బియ్యప్పిండి అందులోనే జల్లిస్తాం. కిటికీ వెలుతురుకు పట్టుకుని చూడండి, ఆ వల కళ్లలో తెల్లగా ఇరుక్కుని ఉంటుంది. ఎంత కడిగినా పూర్తిగా వదలదు. కొత్త జల్లెడ కొనడం ఒక్కటే దారి. చపాతీ పీట, అప్పడాల కర్ర, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం కూడా ఇంతే. పోపు డబ్బాలోని చెంచా అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది. ఇక పిండిమర. ముందువాళ్ల గోధుమలు ఆడించాక మిగిలిన పిండి మన బియ్యప్పిండిలో కలిసే వస్తుంది. ఇడ్లీకీ దోశకూ ఇంట్లోనే రుబ్బుకుంటాం కాబట్టి ఫర్వాలేదు. అరిసెల పిండి, జొన్నపిండి, శనగపిండి మాత్రం ఇంట్లో మిక్సీలో ఆడుకోవడమో, పరీక్షించి అమ్మే ప్యాకెట్ కొనుక్కోవడమో చేయాలి.

ఇవన్నీ మార్చాలంటే ఇంట్లో ఎవరినో ఒకరిని అడగాలి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు "అత్తయ్యా, నాకు వేరే జల్లెడ కావాలి" అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆ స్థానంలో ఉన్నవాళ్లకే తెలుసు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఈ పనిని ఎంతో నేర్పుగా చేసింది. అత్తగారి వంటను ఒక్క మాట అనలేదు. తనే ఎర్ర మూత డబ్బాలు కొని తెచ్చి, వాటిలో తన పప్పులు, పొడులు, బియ్యప్పిండి కలిపిన ఇంగువ పెట్టుకుంది. "అత్తయ్యా, ఎర్ర మూతవి నావి. వాటిలో చపాతీ చెయ్యి పడితే నాకు పేగు దెబ్బతింటుంది. మీరు పోపు వేసేటప్పుడు ముందు నా గిన్నెలోకి వేయండి, తర్వాత మిగతావాళ్లకు" అంది. నెల తిరక్కుండా ఆ పెద్దావిడే వచ్చినవాళ్లకు ఎర్ర మూత సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి అడిగింది ఒకే ఒక్క పని, కారణం చెప్పింది ఒకే ఒక్క వాక్యంలో. పది నిమిషాలు వివరించేవాళ్లకంటే ఒక్క వాక్యం చెప్పి ఊరుకునేవాళ్లను జనం ఎక్కువగా నమ్ముతారు.

హోటల్లో అడగడం ఇంకో విద్య. "ఇందులో గ్లూటెన్ ఉందా?" అంటే సర్వరు ఏం చెబుతాడు? ఆ మాట అతను విని ఉండడు, లేదనేస్తాడు. అతని తప్పేమీ లేదు. అడిగే తీరు మార్చాలి. "ఇందులో మైదా గానీ, గోధుమపిండి గానీ, రవ్వ గానీ వేస్తారా? సోయా సాస్ వేస్తారా? ఏ నూనెలో వేయిస్తారు?" అని విడివిడిగా అడగండి. మిరపకాయ బజ్జీ శనగపిండిదే, కానీ అదే బాండీలో అంతకుముందు మైదాతో చేసిన మైసూరు బజ్జీ వేగి ఉంటుంది. మినప దోశ మంచిదే, కానీ ఆ పెనం మీద ఇందాకే రవ్వ దోశ వేశారు. గోబీ మంచూరియాలో మైదా ఉంటుంది, దాంట్లోనూ ఫ్రైడ్ రైస్‌లోనూ పోసే సోయా సాస్ మామూలుగా గోధుమ కలిపి పులియబెట్టినది. రంజాన్ నెలలో హైదరాబాద్‌లో అందరూ మాంసం వంటకమనుకునే హలీంలో గోధుమలే సగం పని చేస్తాయి. సర్వరుకు తెలియకపోతే వంట మాస్టరును పిలవమనండి. ఇది గద్దింపు కాదు, మీ హక్కు. గొంతు మామూలుగా ఉంచి అడిగితే చాలాచోట్ల మాస్టర్లు ఆసక్తిగా చెబుతారు కూడా, వాళ్ల పని గురించి ఎవరూ అడగరు కాబట్టి.

దుకాణంలో అసలు మోసం ఆరోగ్యం పేరుతో వచ్చేవాటిలో ఉంటుంది. రాగి బిస్కెట్ల ప్యాకెట్ మీద రాగి కంకి బొమ్మ పెద్దగా ఉంటుంది, వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు తరచుగా మైదా. ఇంట్లో కాచిన రాగి జావ బంగారం, అదే రాగి మాల్ట్ పేరుతో వచ్చే ప్యాకెట్‌లో గోధుమ కలిసి ఉండవచ్చు. పిల్లలు పాలలో కలుపుకునే పొడుల్లో చాలావాటికి బార్లీ మాల్టే ఆధారం. మల్టీగ్రెయిన్ పిండి అంటే అందులో గోధుమదే పెద్దవాటా. ఓట్స్ స్వతహాగా గోధుమ జాతి కాకపోయినా పొలంలో, మిల్లులో గోధుమతో కలిసిపోతుంది, కాబట్టి గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ఓట్స్ తప్ప ముట్టకూడదు. సూజీ, ఆటా, దలియా, సెమోలినా, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేర్లు కంఠస్థం కావాలి. కిరాణా కొట్టు దగ్గర వెనక జనం నిలబడ్డా సరే, ప్యాకెట్ తిప్పి చివరిదాకా చదవాలి. ప్రతిసారీ చదవాలి, కంపెనీలు చెప్పకుండా మార్చేస్తుంటాయి.

అన్నిటికంటే కష్టమైనది ప్రసాదం. అన్నవరం సత్యదేవుడి ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. ఇళ్లలో వ్రతానికి చేసేదీ రవ్వతోనే. "ప్రసాదం వద్దంటారా ఎవరైనా?" అన్న మాటకు ఎంతటి గట్టివాళ్లైనా కరిగిపోతారు. కానీ రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న తమ్ముడి చేతిలో పెట్టవచ్చు. భక్తికి లోటు లేదు, పేగుకు చేటు లేదు. వ్రతం చేయించే ఇల్లు మనదే అయితే అరటిపళ్లు, కొబ్బరి ముక్కలు విడిగా ఒక పళ్లెంలో పెట్టమని పంతులు గారికి ముందే చెప్పుకోవచ్చు. చర్చిలో ఇచ్చే అప్పం కూడా గోధుమదే, పాస్టరు గారితోనో ఫాదరుతోనో ముందుగా మాట్లాడితే దారి చూపిస్తారు. పెళ్లి భోజనాల్లో తెల్లన్నం, పెరుగు, పళ్లు దాదాపు ఎప్పుడూ దొరుకుతాయి. పూతరేకులు బియ్యంవి, తాపేశ్వరం కాజా మైదాది, బొబ్బట్టు పైపొర మైదాది. ఇలా ఏది ఏమిటో తెలిసిన మనిషి పంక్తిలో బెదురుగా కూర్చోడు.

ఒక హెచ్చరిక. పరీక్ష చేయించుకోకుండా ముందే గోధుమ మానేయకండి. మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి, పేగు కొంత కోలుకుని, జబ్బు ఉందో లేదో తేల్చడం కష్టమవుతుంది. ముందు డాక్టరు, తర్వాత ఆహారం. నియమం మొదలయ్యాక మాత్రల్లో వాడే పిండి ఏ ధాన్యానిదో కూడా ఆయన్నే అడగండి.

ఎప్పుడో ఒకసారి తెలియకుండా తినేయడం జరుగుతుంది. అప్పుడు "ఎలాగూ చెడింది" అని ఆ వారమంతా వదిలేసేవాళ్లు కొందరు, తమను తాము తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు కొందరు. రెండూ వద్దు. ఆ రోజు ఎక్కడ తిన్నారో, ఏం తిన్నారో, ఏం అడగకుండా వదిలేశారో ఒక పుస్తకంలో రాసుకోండి. రెండు నెలల పాటు రాస్తే మీ మొహమాటం ఎవరి ముందు ఎక్కువో తెలిసిపోతుంది. కొందరికి మేనమామ దగ్గర, కొందరికి ఆఫీసులో పై అధికారి పుట్టినరోజు కేకు దగ్గర. ముందుగా ఫోన్ చేయవలసింది ఆ మనిషికే.

పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఒక పొరపాటు చేస్తారు. అడగవలసినదంతా తామే అడిగేస్తారు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఎప్పుడూ అమ్మ వెనకే నిలబడితే హాస్టల్‌కు వెళ్లిన నాడు ఏం చేస్తాడు? క్లాసులో ఎవరిదో పుట్టినరోజు వస్తోందనుకోండి. ముందురోజే ఆ స్నేహితుడి అమ్మగారికి ఫోన్ కలిపి, మీ వాడి చేతికే ఇవ్వండి. "ఆంటీ, నాకు గోధుమ, మైదా పడవు, కేకు తినను. నా డబ్బా నేను తెచ్చుకుంటాను, సరేనా?" అని వాణ్నే అడగనివ్వండి. తడబడితే పక్కనుంచి అందించకండి.