రోమన్ నాణేలపై సూర్యుడు

రోమన్ల సూర్యదేవుడి పేరు సోల్. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆయనకు స్థిరపడిన బిరుదు 'ఇన్విక్టస్', అంటే అజేయుడు. చక్రవర్తి ఆరేలియన్ (270–275) ఈ ఆరాధనకు రాజపోషణ ఇచ్చి, 274లో రోమ్‌లో సూర్యాలయం నిర్మించాడు. ఆయన నాణెం ఒకటి చేతిలోకి తీసుకుంటే, వెనుకవైపు తలచుట్టూ కిరణాలతో సోల్ నిలబడి ఉంటాడు. కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేతిలో గోళం పట్టుకుని ఉంటాడు. పాదాల దగ్గర బందీలు. గోళమంటే లోకాధిపత్యం. గోరంత లోహపు బిళ్లపై ఇంత రాజకీయం చెక్కిన ఆ పనితనం నిజంగా అబ్బురం.

చాలామంది తడబడేది ఇక్కడే: కిరణ కిరీటం కనబడినంత మాత్రాన అది సూర్యుడి బొమ్మ కాదు. చక్రవర్తి కరకల్లా 215లో తెచ్చిన ఆంటోనినియానస్ నాణెంపై ఆ కిరీటం చక్రవర్తి తలమీదే ఉంటుంది. అది రెండు డెనారియస్ నాణేల విలువకు గుర్తు. రాణుల బొమ్మ కింద దానికి బదులు నెలవంక ఉంటుంది.

చక్రవర్తి ఎలగబాలస్ (218–222) కొలిచింది సిరియాలోని ఎమెసా సూర్యదేవుణ్ణి. ఆయన నాణేలపై నాలుగు గుర్రాల రథంలో నల్లని పవిత్ర శిల ఊరేగుతుంది. దీన్ని ఆరేలియన్ సోల్‌తో కలిపేయకండి.

చక్రవర్తి కాన్‌స్టంటైన్ నాణేలపై 'సోలి ఇన్విక్టో కొమిటి', అంటే 'సహచరుడైన అజేయ సూర్యుడికి', అని ఉంటుంది. 313లో మిలాన్‌లో క్రైస్తవులకు మత స్వేచ్ఛ ఒప్పుకున్నాక కూడా ఆ ముద్రణ ఆగలేదు. సుమారు 325 నాటికి సోల్ కనుమరుగయ్యాడు. 321లో సూర్యుడి రోజైన ఆదివారాన్ని సెలవుగా ప్రకటించిందీ కాన్‌స్టంటైనే.