దుకాణాల చుట్టూ హద్దు గీయడం ఎలా?

ప్రశ్న: గేట్ బజార్‌లోని దుకాణాలను ఫోన్ జీపీఎస్‌తో గుర్తించి క్యూజీఐఎస్‌లో పెట్టాను. చుట్టూ హద్దు గీద్దామని 20 మీటర్ల బఫర్ ఇస్తే దాదాపు దేశమంతా అందులో పడింది. కాన్వెక్స్ హల్ వాడితే పక్క వీధుల ఇళ్లూ లోపలికొచ్చాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఫోన్ ఇచ్చేవి అక్షాంశ రేఖాంశాలు. అందుకే మీ 20ని సాఫ్ట్‌వేర్ 20 డిగ్రీలుగా తీసుకుంది. ఒక్క డిగ్రీ అక్షాంశమే దాదాపు 111 కిలోమీటర్లు! లేయర్‌ను యూటీఎం 45 ఉత్తర జోన్‌కు, అంటే ఈపీఎస్‌జీ 32645కు రీప్రాజెక్ట్ చేయండి. అప్పుడు 20 అంటే మీటర్లే. ఇచ్ఛాపురానికీ ఇదే జోన్. శ్రీకాకుళం పట్నం మాత్రం 84 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉంది కాబట్టి 44వ జోన్ కిందికి వస్తుంది.

కాన్వెక్స్ హల్ బయటి చుక్కల చుట్టూ బిగించి కట్టిన తాడు లాంటిది, లోపలికి వంగదు. బజారు వీధి మలుపు తిరిగిన చోట మూలనున్న ఇళ్లన్నీ అందులో పడతాయి. బదులుగా కాన్‌కేవ్ హల్ వాడండి. త్రెషోల్డ్ 1 అయితే కాన్వెక్స్‌తో సమానమే. 0.3 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ మార్చి చూడండి. మరీ తగ్గిస్తే గీత దుకాణాల మధ్యకు చొచ్చుకొస్తుంది.

బజార్లకు నేను ఎక్కువగా ఇష్టపడేది వేరే పద్ధతి. 20 మీటర్ల బఫర్ ఇచ్చి, డిసాల్వ్ టిక్ పెట్టి, వచ్చిన ఆకారానికి మళ్లీ మైనస్ 12 బఫర్ ఇవ్వండి. హద్దు వీధి వెంటే నడుస్తుంది. ఇరుకు సందుల్లో ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది. కాబట్టి ముందు ఉపగ్రహ చిత్రంపై చుక్కలను సరిచూసుకోండి, బజారు ఎక్కడితో ఆగుతుందో అక్కడి వ్యాపారులనే అడగండి.