సరిచూసిన నకలే నకలు

విజయవాడ

చిన్నమ్మాయీ,

మన ప్రెస్సులోని పాత సీడీలు, డీవీడీలు, కంపోజింగ్ కంప్యూటర్‌లోంచి తీసిన హార్డ్ డిస్కు నీ చేతికి వచ్చాయని రాశావు. వాటిలోని ఫైళ్లన్నీ నీ లైనక్స్ లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, డిస్కులు పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా అని అడిగావు. ఇవ్వొద్దు తల్లీ. కాపీ చేయడం కూడా అప్పుడే మొదలుపెట్టకు. మీ నాన్న అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాల్లో చాలావాటికి ఇప్పుడు మిగిలిన మూలం ఆ డిస్కులే. ముందు వాటికి ఇమేజ్‌లు తియ్యి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

ఫైళ్లు కాపీ చేస్తే ఫైళ్లే వస్తాయి. ఇమేజ్ తీస్తే మొదటి సెక్టర్ నుంచి చివరి సెక్టర్ దాకా డిస్కులో ఉన్నదంతా ఒకే ఫైల్‌గా వస్తుంది. పార్టిషన్ల పట్టిక, బూట్ సెక్టర్, ఫైళ్ల తేదీలు అన్నీ అందులో ఉంటాయి. పైకి ఖాళీగా కనిపించే చోట ఇంకా చెరిగిపోని పాత ఫైళ్ల ముక్కలు కూడా ఉంటాయి. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట పొంతనలేని గుర్తులు కనిపిస్తాయి. పుస్తకం ఫైలు, ఫాంట్లు, వాటిని నడిపించిన ఆ కాలపు విండోస్ మూడూ కలిసి ఉంటేనే ఆ పేజీ మళ్లీ పేజీలా కనిపిస్తుంది. ఆ మూడూ కలిసి ఉన్నది ఆ హార్డ్ డిస్కులోనే.

ముందు ఇమేజ్ ఎక్కడ పెట్టాలో చూసుకో. పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు, మామూలు డీవీడీ ఏమో 4.7 జీబీ దాకా ఉంటుంది. కాబట్టి ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెద్ద డిస్కు ఒకటి దగ్గర పెట్టుకో. 80 జీబీ హార్డ్ డిస్కులో 10 జీబీ ఫైళ్లే ఉన్నా ఇమేజ్ 80 జీబీ ఉంటుంది. తర్వాత జెడ్‌స్టాండర్డ్‌తో కుదించుకుంటే చాలా తగ్గవచ్చు, కానీ ఇమేజ్ తీసే వేళకు ఆ చోటంతా ఉండాలి.

తర్వాత ఏ డిస్కు ఏదో గుర్తుపట్టడం. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కమాండ్ ఇస్తే కంప్యూటర్‌కు తగిలించిన డిస్కులన్నీ సైజులతో సహా కనిపిస్తాయి. 'ఎస్‌డీఏ', 'ఎస్‌డీబీ' అనే పేర్లను నమ్మి కూర్చోకు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే అవి తారుమారు కావచ్చు. సైజు, మోడల్, సీరియల్ నంబరు మూడూ డిస్కు మీది చీటీతో పోల్చుకో. డిస్కు తగిలించేముందు డెస్క్‌టాప్‌లో ఆటోమౌంట్ ఆపెయ్యి. డిస్కు మౌంట్ అయితే చాలు, మనం ఏ ఫైలూ ముట్టుకోకపోయినా సిస్టమ్ దానిమీద ఏదో ఒకటి రాసే అవకాశం ఉంది. తగిలించాక 'బ్లాక్‌డెవ్' కమాండ్‌తో దాన్ని చదవడానికి మాత్రమే అని గుర్తు పెట్టు.

డిస్కు ఆరోగ్యంగా ఉంటే 'డీడీ' చాలు. 1970ల నుంచి యూనిక్స్‌లో ఉన్న పనిముట్టు అది. 'ఐఎఫ్' ఎదుట ఎక్కడినుంచి చదవాలో, 'ఓఎఫ్' ఎదుట ఎక్కడ రాయాలో ఇస్తాం. ఆ రెండూ తారుమారైతే పాత డిస్కు మీద ఉన్నది చెరిగిపోవచ్చు. 'నిజంగానే చేయమంటావా' అని డీడీ అడగదు. కాబట్టి ఎంటర్ నొక్కేముందు ఆ కమాండ్ మొత్తం పైకి చదువుకో. ప్రతిసారీ చదువుకో.

మన డిస్కులు అంత ఆరోగ్యంగా ఉంటాయని నేననుకోను. గీతలు పడ్డ సీడీ, ఏళ్లతరబడి తిరగని హార్డ్ డిస్కు మధ్యలో మొరాయిస్తాయి. తప్పు తగిలిన చోట డీడీ ఆగిపోతుంది. తప్పులొచ్చినా ఆగకుండా నడిపే ఆప్షన్ ఉంది కానీ, దానితో పాటు సింక్ అనే ఆప్షన్ ఇవ్వకపోతే చదవలేని చోటు వదిలేసి మిగతాదంతా ముందుకు జరుపుతుంది. అప్పుడు ఇమేజ్ పనికిరాదు. ఇలాంటివాటికి గ్నూ డీడీరెస్క్యూ వాడు. ఉబుంటు, డెబియన్‌లలో ఆ ప్యాకేజీ పేరు 'జీడీడీరెస్క్యూ'. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ తీసుకుని, పాడైన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఏది చదివింది, ఏది మిగిలింది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైలును ఇమేజ్‌తో సమానంగా చూసుకో. అది ఉంటే ఇవాళ ఆపిన పని రేపు అక్కడినుంచే సాగుతుంది. ఒక డ్రైవ్‌లో రాని సీడీ మరో డ్రైవ్‌లో రావచ్చు. అదే మ్యాప్‌తో అక్కడ మళ్లీ నడిపితే మిగిలిన ఖాళీలు పూరించుకుంటుంది. సీడీ సెక్టర్ 2048 బైట్లు, ఆ సంగతి దానికి చెప్పడం మరిచిపోకు. హార్డ్ డిస్కు నుంచి టకటకమని చప్పుడు వస్తే వెంటనే ఆపి నాకు ఫోన్ చెయ్యి, పంతానికి పోవద్దు.

పాటల సీడీలు దొరికితే పక్కన పెట్టు. వాటిలో ఫైల్ సిస్టమ్ ఉండదు, డీడీతో రావు. వాటికి సీడీపారనోయా అనే వేరే పనిముట్టు ఉంది.

ఇమేజ్ తయారయ్యాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు. మన ప్రెస్సులో ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు గాలీ ప్రూఫులో అక్షరం అక్షరం సరిచూసేవారు. ఇక్కడ ఆ పని 'షా256సమ్' చేస్తుంది. ఫైలంతా చదివి 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తుంది. దాన్నే హాష్ అంటాం. ఎన్ని జీబీల ఫైలైనా, అందులో ఒక్క బిట్ మారితే ఆ వరుస మొత్తం మారిపోతుంది. డిస్కు నుంచి నేరుగా ఒక హాష్ తియ్యి, ఇమేజ్ నుంచి ఒకటి తియ్యి. రెండూ కలిస్తేనే అది నకలు. కలవకపోతే ఇమేజ్‌ను నిందించేముందు ఒకటి చూడు. కొన్ని సీడీల్లో సమాచారం అయిపోయాక చివర చదవడానికి రాని బ్లాకులు ఉంటాయి. 'ఐఎస్ఓఇన్ఫో' చెప్పే బ్లాకుల లెక్క దాకానే చదివి మళ్లీ పోల్చు. చదవలేని సెక్టర్లున్న డిస్కుకు ఈ పోలిక కుదరదు, అక్కడ మ్యాప్ ఫైలే నీ సాక్ష్యం. ఎన్ని బైట్లు రాలేదో చీటీలో రాసిపెట్టు.

ఆ హాష్‌ను ఇమేజ్ పక్కనే ఒక ఫైల్‌లో దాచు. కుదించేముందు తీసిన హాష్ కావాలి సుమా. ఏటా ఒకసారి, కుదించిన ఇమేజ్ అయితే విప్పి, 'సి' ఆప్షన్‌తో షా256సమ్ నడిపితే, నిలవున్న డిస్కులో ఏదైనా చెడిందేమో తెలిసిపోతుంది. చెడితే రెండో ప్రతి నుంచి తెచ్చుకోవచ్చు. అందుకని రెండో ప్రతి వేరే డిస్కులో, వేరే ఇంట్లో ఉండాలి.

హాష్ చెప్పేది ఫైలు మారలేదని మాత్రమే. దాన్ని ఎవరు ఇచ్చారో చెప్పదు. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు 17.3 సినమన్ కూర్పు ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్కు ఇమేజ్) లింకును మార్చి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓకు మళ్లించారు. సైట్‌ను మార్చగలిగినవాళ్లు పక్కనున్న హాష్‌ను మార్చలేరా? కాబట్టి కొత్త లైనక్స్ దించుకున్నప్పుడు హాష్‌ల ఫైలుకు ఉన్న సంతకాన్ని జీపీజీతో సరిచూడు. ఆ సంతకపు తాళం నిజంగా వాళ్లదేనని మరో చోట కూడా ధ్రువపరచుకో. ఎండీ5 అనే పాత రకం హాష్ ఒక్కటే ఇచ్చి ఊరుకున్న చోట నమ్మకం పెట్టుకోకు. ఒకే ఎండీ5 వచ్చే వేర్వేరు ఫైళ్లు తయారుచేయవచ్చని 2004లోనే చూపించారు. 2017లో షా1 అనే మరో రకం హాష్‌కూ అదే గతి పట్టింది.

ఐఎస్ఓను పెన్‌డ్రైవ్ మీదికి రాసినప్పుడు కూడా ఇదే నియమం. రాయడం అయిందనగానే పీకెయ్యకు. సమాచారం ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. 'సింక్' కమాండ్ ఇచ్చి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, అప్పుడు పోల్చు. పెన్‌డ్రైవ్ ఐఎస్ఓ కన్నా పెద్దది కాబట్టి మొత్తం హాష్ తీస్తే కలవదు. 'సీఎంపీ'తో ఐఎస్ఓ ఎన్ని బైట్లో అన్ని బైట్లే పోల్చు.

ఇక వాడుకోవడం. సీడీ ఇమేజ్‌ను లూప్ పద్ధతిలో మౌంట్ చేస్తే డ్రైవ్‌లో సీడీ పెట్టినట్టే ఫైళ్లు కనిపిస్తాయి. హార్డ్ డిస్కు ఇమేజ్‌లో పార్టిషన్లుంటాయి. 'లోసెటప్'కు పెద్ద 'పి' ఆప్షన్ ఇస్తే ఒక్కో పార్టిషన్ ఒక్కో పరికరంలా వస్తుంది. చిన్న 'ఆర్' కూడా ఇవ్వు, అప్పుడు ఇమేజ్‌లోకి ఏదీ రాయలేరు. ఎప్పుడైనా లైనక్స్ డిస్కు ఇమేజ్ చేతికొస్తే గుర్తుంచుకో. ఈఎక్స్‌టీ4ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా అది తన జర్నల్‌లో మిగిలిన పనులు పూర్తిచేయబోతుంది. 'నోలోడ్' ఆప్షన్‌తో దాన్ని ఆపాలి.

పేజ్‌మేకర్ తెరవాలంటే ఆ ఇమేజ్‌ను క్యూఈఎంయూలో వర్చువల్ మెషీన్‌గా నడిపించాలి. విండోస్ లేచిందంటే డిస్కు మీద రాయక మానదు. కాబట్టి అసలు ఇమేజ్‌ను ఆధారంగా పెట్టి, దాని మీద క్యూకౌ2 ఫైలు ఒకటి కొత్తగా చెయ్యి. మార్పులన్నీ ఆ ఫైల్‌లోకే వెళతాయి. పాడైతే దాన్ని చెరిపేసి మరొకటి చేసుకోవచ్చు, అసలుకు ఏమీ కాదు. పాత విండోస్ కొత్త రకం వర్చువల్ హార్డ్‌వేర్‌ను గుర్తుపట్టకపోవచ్చు. ఐడీఈ డిస్కుగా తగిలిస్తే సాధారణంగా లేస్తుంది. లేచాక మీ నాన్న పుస్తకాలను ఒక్కొక్కటిగా పీడీఎఫ్ చేసి, ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్చే పని మొదలుపెడదాం. అందులో నేనూ కూర్చుంటాను.

ప్రతి ఇమేజ్ పక్కన చిన్న చీటీ ఫైలు పెట్టు. ఏ డిస్కు నుంచి తీశావు, దాని మీద ఏం రాసుంది, ఏ రోజు తీశావు, ఏ కమాండ్ వాడావు, హాష్ ఎంత, చదవలేనివి ఎన్ని. నీ తర్వాత ఈ ఫైళ్లు చూసేవాళ్లకు నువ్వు పక్కన ఉండవు. వాళ్లకు ఆ చీటీయే దిక్కు.

హార్డ్ డిస్కు చివరికి ఉంచుకో. ముందు అంత ముఖ్యం కాని సీడీ ఒకటి తీసుకుని మొదటినుంచీ చివరిదాకా ఒకసారి చేసి చూడు. రెండు హాష్‌లూ కలిశాయని జవాబు రాయి. ఆ తర్వాత కూడా పాత డిస్కులను పారేయకు. పొడిగా, చల్లగా ఉన్న చోట అట్టపెట్టెలో పెట్టు. ఇవాళ మనకు రాని సెక్టర్‌ను రేపు ఇంకా మంచి డ్రైవ్ చదవచ్చు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న