ఒక్క అక్షరం మారితే?

రాగిజావలోనూ పాలలోనూ ఉండే కాల్షియం ఎముకలకూ పళ్లకూ మంచిదని చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. అది రక్తంలో కూడా ఉండాలి. ఎంత? 100 మిల్లీలీటర్లకు సుమారు 9 నుంచి 10 మిల్లీగ్రాములు. బాగా తగ్గితే కండరాలు పట్టేస్తాయి. బాగా పెరిగితే మూత్రపిండాలకు చేటు. మరి ఈ లెక్క చూసేదెవరు?

మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక కందిగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. వాటి కణాల పైపొరలో ఒక ప్రొటీను ఉంది. బయట కాల్షియం ఎంతుందో పసిగట్టి కణం లోపలికి కబురందించడం దాని పని. దాన్ని కాల్షియం గ్రాహకం అంటారు. 1993లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎడ్వర్డ్ బ్రౌన్, స్టీవెన్ హెబర్ట్, వారి సహచరులు ఆవు గ్రంథుల నుంచి ఈ ప్రొటీను తయారీకి కావలసిన సమాచారాన్ని రాబట్టారు.

ఇదే గ్రాహకం పెద్దప్రేగులో కూడా ఉంది! అక్కడ దానికేం పని? ప్రేగు లోపలి గోడ నిండా అతి సన్నని గుంటలుంటాయి. గుంట అడుగున కొత్త కణాలు పుట్టి, మెల్లగా పైకి జరిగి, నాలుగైదు రోజుల్లో రాలిపోతాయి. పైకి వచ్చిన కణం విభజన మానేసి తన పనిలో కుదురుకోవాలి. మానకపోతే అక్కడ పిలకలాంటి కండ పెరుగుతుంది. దాన్ని పాలిప్ అంటారు. కొన్ని పాలిప్‌లు ఏళ్ల తరబడి ఉండి కాన్సరుగా మారతాయి. ప్రయోగశాలలో పెంచిన ప్రేగు కణాలకు కాల్షియం ఎక్కువగా అందిస్తే గ్రాహకం ఆ కబురందుకుని విభజనకు కళ్లెం వేస్తుంది.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఈ గ్రాహకంలో 1,078 ఎమైనో ఆమ్లాలున్నాయి. ఒక్కోదానికి డి.ఎన్.ఎ.లో మూడక్షరాలు. అంటే 3,234 అక్షరాల పాఠం. అది మన 3వ క్రోమోసోము మీద ఉంది. కొందరిలో 2,956వ అక్షరం ‘జి’కి బదులు ‘టి’ ఉంటుంది. అది ఎన్నో ఎమైనో ఆమ్లానికి చెందుతుంది? 985ని 3తో హెచ్చవేసి చూడండి, 986వ దానిదని తేలుతుంది. అక్కడ అలనిన్ ఉండవలసిన చోట సెరీన్ వస్తుంది. ఇది జబ్బు కాదు, ఎందరిలోనో ఉండే తేడా. అలాంటివారి రక్తంలో కాల్షియం సగటున కాస్త ఎక్కువ. ఎంత ఎక్కువ? ఒక్కో ‘టి’కి, 100 మిల్లీలీటర్లలో ఒక మిల్లీగ్రాములో పదో వంతైనా ఉండదు.

“మా తాతగారికి ప్రేగు కాన్సరు వచ్చింది, నాకూ వస్తుందా సార్?” అని ఎవరైనా అడిగితే, ఈ అక్షరం చూసి జవాబు చెప్పవచ్చా?

చెప్పలేం. రోగులనూ, అదే వయసు ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి ‘టి’ ఎవరిలో ఎక్కువో లెక్కించారు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఈ అక్షరం వల్ల కాన్సరు పెరుగుతుందని తేలలేదు. ఇక్కడొక చిక్కుంది. స్త్రీలలో, పురుషులలో, ప్రేగు కుడివైపు, ఎడమవైపు అంటూ ఇరవై రకాలుగా వెదికితే, ఏ సంబంధం లేకపోయినా ఏదో ఒకచోట కాకతాళీయంగా తేడా కనిపించవచ్చు. అందుకే ఒక్క పరిశోధనను పట్టుకుని నిర్ణయానికి రాకూడదని నా గట్టి అభిప్రాయం.

కాల్షియం మాత్రల కథా అలాంటిదే. 1999లో వెలువడిన ఒక పరీక్షలో, అంతకుముందు పాలిప్‌లు తీయించుకున్న 930 మందిని తీసుకున్నారు. రోజుకు 1,200 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 31 శాతానికి, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 38 శాతానికి పాలిప్‌లు మళ్లీ వచ్చాయి. 2015లో 2,259 మందితో ప్రకటించిన పరీక్షలో ఆ మేలు కనబడలేదు.

వంశంలో దిగివచ్చే ప్రేగు కాన్సర్లు లేకపోలేదు. 5వ క్రోమోసోము మీది ఎ.పి.సి. జన్యువు చెడితే కౌమారంలోనే వందలకొద్దీ పాలిప్‌లు మొదలవుతాయి. అలాంటి కుటుంబాల్లో పిల్లలను చిన్నప్పటినుంచే డాక్టర్లు పరీక్షిస్తూ ఉంటారు. కాల్షియం గ్రాహకం సంగతి వేరు. ప్రేగు కాన్సరు గడ్డల్లో అది తరచు బాగా తగ్గిపోతుంది. కారణం వెదికితే చాలాచోట్ల అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి! జన్యువు మొదట్లో మిథైల్ గుంపులు అతుక్కుని దాన్ని చదవనీయకుండా చేశాయి. ప్రయోగశాలలో ఆ మిథైల్ గుంపులను తగ్గించే మందు వేస్తే గ్రాహకం మళ్లీ తయారవుతోంది.