థైరాయిడ్ గడ్డ: సూది పరీక్ష తేల్చనప్పుడు స్కానింగ్
పోటీ పరీక్షల ప్రత్యేకం - సైన్స్ అండ్ టెక్నాలజీ

ఉప్పల్ అనగానే అభ్యర్థులు డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీని గుర్తుచేసుకుంటారు. థైరాయిడ్ గడ్డల విషయంలో మాత్రం జన్యు పరీక్ష కన్నా ముందు అక్కరకొచ్చేది ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉండే మామూలు స్కానింగ్ సెంటరే.

గడ్డ నుంచి సన్నని సూదితో తీసిన కణాలను బెథెస్డా పద్ధతిలో 6 తరగతులుగా విభజిస్తారు. 3, 4 వస్తే క్యాన్సరో కాదో తేలనట్టే. చాలామంది ఇక్కడే హడలిపోయి ఆపరేషన్‌కు సిద్ధపడతారు. తొందర వద్దు, అల్ట్రాసౌండ్ చిత్రాన్ని మళ్లీ చూడాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ప్రచురించిన టిరాడ్స్ అనే అల్ట్రాసౌండ్ అంచనా పద్ధతి 5 అంశాలకు పాయింట్లు ఇస్తుంది: గడ్డ గట్టిదా నీటితిత్తా, తెరమీద ఎంత నల్లగా ఉంది, ఆకారం, అంచులు, లోపలి తెల్లని చుక్కలు. అడ్డుకోత చిత్రంలో వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువుంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. మొత్తం 7 గానీ, ఆపైన గానీ వస్తే టీఆర్-5, అంటే క్యాన్సర్ అనుమానం ఎక్కువున్న తరగతి.

సూది పరీక్షకు పరిమాణం హద్దులు తప్పక గుర్తుంచుకోండి: టీఆర్-3కి 2.5 సెం.మీ., టీఆర్-4కి 1.5, టీఆర్-5కి 1.

తికమకపెట్టే బిట్: బెథెస్డా కణాలకు, టిరాడ్స్ చిత్రానికి. ఇక జన్యు పరీక్షలో వెతికే బీరాఫ్ వీ600ఈ జన్యుమార్పు ముఖ్యంగా పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో కనిపిస్తుంది.