నాలుక కింద బుగ్గ

రమా,

బాబు నోటి ఫొటో చూశాను. నాలుక పైకెత్తినచోట ద్రాక్షపండంత, నీలంగా మెరుస్తున్నది క్యాన్సర్ కాదు తల్లీ. ఉమ్మి నిండిన బుగ్గ. మేం డాక్టర్లం దాన్ని రాన్యులా అంటాం. లాటిన్‌లో కప్పపిల్ల అని అర్థం. వానాకాలం బెకబెకమనే కప్ప గొంతు ఉబ్బడం చూశావుగా, అలా ఉంటుందనే ఆ పేరు.

సూదితో పొడిపించేద్దామని మీ అత్తగారు అంటున్నారని రాశావు. ఒద్దు. నాలుక కింద ఒక చిన్న లాలాజల గ్రంథి ఉంది. దాని సన్నటి గొట్టం చిట్లితే ఉమ్మి నోట్లోకి రాకుండా నోటి లోపలి పొర కింద చేరుతుంది. గ్రంథి రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది. బుగ్గ పగలగొడితే ఊట ఆగుతుందా?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాపకు బుగ్గ కోశాను. కోడిగుడ్డు తెల్లసొనలా జిగురుగా జారింది. తల్లి చేతులెత్తి దండం పెట్టింది. నెల తిరక్కుండానే పాపను చంకనేసుకుని మళ్ళీ వచ్చింది. బుగ్గ మునుపటికన్నా పెద్దది. నన్ను చూడగానే ఆ పిల్ల పెదవులు బిగించేసుకుంది. నోరు తెరిపించడానికి గంట పట్టింది. ఆ ముఖం ఇంకా నా కళ్ళముందే ఉంది.

బాబు అన్నం తింటున్నాడు, మాట స్పష్టంగానే ఉంది. కాబట్టి కొన్ని నెలలు చూద్దాం. పిల్లల్లో కొన్ని వాటంతటవే పోతాయి. పెరిగితే బుగ్గలోంచి పట్టుదారం కుట్లు వేసి ఊటకు దారి చేస్తారు. పైకప్పు కోసి అంచులు కుట్టే పద్ధతీ ఉంది కానీ తిరగబెట్టడం ఎక్కువ. మళ్ళీ మళ్ళీ వస్తే ఆ గ్రంథినే తీసెయ్యాలి. నోట్లోంచే తీస్తారు, మెడమీద మచ్చ పడదు. మిగతా గ్రంథులుంటాయి కనుక నోరు ఎండిపోదు. కాకపోతే నాలుకకు స్పర్శనిచ్చే నరం అక్కడినుంచే వెళ్తుంది. అందుకే చెయ్యి తిరిగిన పిల్లల సర్జన్ చేతిలోనే పెట్టాలి.

ముందుగా ఒక అల్ట్రాసౌండ్ చేయించు. ఊట కండరం దాటి మెడలోకి దిగిందేమో తెలుస్తుంది. గడ్డం కింద వాపు కనిపించినా, జ్వరమొచ్చినా, మింగలేకపోయినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించు. ఊపిరి కష్టమైతే మాత్రం క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు.

సూది మాత్రం ఎవర్నీ పెట్టనివ్వకు. ప్రతి నెలా మొదటి ఆదివారం, పగటి వెలుతురులో, నాలుక ఎత్తించి ఫొటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ